కుడి చెయ్యి

వెంకటరామ ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని కుంచెను గోడకు ఆనించాడు. అలా పట్టుకుంటేనే గీత కాస్త నిలుస్తుంది. ఈ సంగతి భార్య మంగళానికి కూడా తెలియదు. తెలిస్తే డాక్టరు దగ్గరికి లాక్కుపోతుంది, డాక్టరు దానికో పేరు పెడతాడు, ఆ పేరు ఊరంతా తిరుగుతుంది. బోర్డులు రాసేవాడి చెయ్యి వణుకుతోందంటే ఇంకెవడు గోడ ఇస్తాడు? ఒకప్పుడు సేత్తూరు బస్సుకీ తళవాయిపురం బస్సుకీ ఊళ్ల పేర్లు రాసింది ఈ చెయ్యే. ఫ్లెక్సులు వచ్చాక ఈ తమిళనాటి రాజపాళయంలో కుంచె పట్టినవాణ్ణి పిలిచే దిక్కే లేదు.

ఈ గోడ సంకరలింగం కట్టిన కొత్త కల్యాణ మండపానిది. మధ్యాహ్నం వచ్చి నమూనా చూస్తానన్నాడు. నచ్చితే గోడ పొడవునా మండపం పేరు రాయాలి. ఇదొక్కటీ దక్కితే, ఇంకా పనికొస్తానని వెంకటరామ తనకు తాను చెప్పుకోగలడు. మనిషికి అంతకంటే ఏం కావాలి చెప్పండి!

అంతలో మెడల్లో కెమెరాలతో నలుగురు పిల్లలు వచ్చారు. చెన్నైలో గ్రాఫిక్ డిజైన్ చదువుతున్నారు. బస్సుల మీదా టీకొట్ల మీదా అక్షరాలు ఎలా ఉన్నాయో ఫోటోలు తీయడం కూడా ఒక చదువేనట. ముందున్న జనని ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే రాజుల ఇంటి పిల్లే. వెంకటరామ గీసిన వంకర గీతలు చూసి మురిసిపోయింది.

"ఈ వణుకు ఎంత అళగు, ఎంత అందం మామా! కంప్యూటర్లో ఏం చేసినా ఇది రాదు."

ఆయన దాచుకుంటున్నదే ఆ పిల్లకు నచ్చింది. అయినా మెచ్చుకోలు మెచ్చుకోలే, అది విని ఎన్నాళ్లయిందో.

"ఊర్లో ఇంతమంది తెలుగు మాట్లాడతాము, గోడ మీద ఒక్క తెలుగు మాట లేదే. మన ఇంటి మాట ఒకటి రాయండి మామా."

మాట్లాడటమే గాని తెలుగు అక్షరాలు ఆయనకెక్కడివి? బడిలో నేర్చింది తమిళమే. ఆ అక్షరాలతోనే, నోటికొచ్చిన మొదటి మాట, 'గుడి' అని రాశాడు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. మన గుడిని తమిళులు 'కుడి' అని చదువుతారు. కుడి అంటే తాగు అని. ఊళ్లో చిన్నపిల్లలు కూడా నవ్వుకునే ఈ సంగతి ఆయనకు ఆ క్షణాన తట్టలేదు. ధ్యాసంతా చేతి మీదే ఉంది మరి.

సంకరలింగం బండి దిగి గోడ చూశాడు.

"ఎన్నయ్యా ఇదు? పెళ్లిళ్లు జరిగేచోట తాగమని రాస్తావా?" అన్నాడు తమిళంలో.

తెలుగులో అది కోవెల అని జనని గబగబా చెప్పింది.

"సరేమ్మా, మాట తెలుగే. ఆ చెయ్యి ఏ భాషలో వణుకుతోంది?"

అందరూ చెయ్యి వైపు చూశారు. జబ్బంటే ఈ గోడే కాదు, ఏ గోడా మళ్లీ దక్కదు. తాగుడంటే రేపటికి దిగిపోతుంది. పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టని వెంకటరామ తల వంచుకుని తమిళంలోనే చెప్పాడు.

"కొంచెం తాగినానయ్యా. రేపు తాగకుండా వస్తాను."

"రేపు రావద్దు," అన్నాడు సంకరలింగం. కూలివాణ్ణి పిలిచి ఆ మాట మీద సున్నం కొట్టించాడు.

ఇంటికి ఆయనకంటే ముందు కబురు చేరింది. మంగళం గడపలోనే నిలబెట్టేసింది. ఆమె తమ్ముణ్ణి మింగింది సారాయే.

"ఏదీ, నోరు తెరవండి."

తెరిచాడు. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ లేనిది, ఆమె ఆయన నోటి దగ్గర వాసన చూసింది.

"తాగలేదే మీరు! మరి చెయ్యి ఏల వణికిందంట?"

ఆయన రెండో చేత్తో పట్టుకోకుండా చెయ్యి చాపి చూపించాడు. అది తన పాటికి తాను ఆడుతూనే ఉంది. మంగళం అక్కడే కూలబడింది.

"తాగినారంటేనే బాగుండె," అని ఏడ్చింది.

ఆయన తిన్నె మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. దీపాలు పెట్టే వేళ కాఫీకి లేపితే లేవలేదు.

వచ్చినవాళ్లంతా గొంతు తగ్గించి అదే మాట అనుకున్నారు, తాగి తాగి పోయినాడు పాపం అని. కబురు విని పరుగున వచ్చిన జనని, "కాదు, ఆయన రాసింది గుడి," అని ఒక్కొక్కరికీ చెప్పబోయింది. మంగళం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన అంత కష్టపడి దాచుకున్నదాన్ని ఇప్పుడు ఊరిపాలు చేయడం ఆమెకు ఇష్టం లేదు.

"ఆమా, నిజమే," అంది అందరూ వినేలా. "కొంచెం తాగుతా ఉండిరి."

వాకిట్లో ఆయన విడిచిన చెప్పులు అలాగే ఉన్నాయి. ఎడమదాని మీద పడిన నీలం ఎనామిల్ రంగు చుక్క ఇంకా ఆరలేదు.