నిలబడేంత ఎత్తు

మా ఇంట్లో తల వంచకుండా తిరగగలిగేది మా అత్త ఒక్కతే. అదీ ఆవిడ నడుము ఎప్పుడో వంగిపోయింది కాబట్టి. "ఇల్లు నా కొలతలకి వచ్చేసిందే అమ్మాయ్," అని నవ్వుతుంది. మా ఆయన్ని వీధంతా పొడుగాయన అంటారు. గోదాములో బస్తాలు మోస్తాడు. అక్కడ బరువు కింద వంగి, ఇక్కడ రేకు కింద వంగి, మనిషి కొక్కెంలా తయారయ్యాడు.

ఇంటి పైకప్పు కిందికి దిగలేదు. నేలే పైకి లేచింది. మా వరసలో ఆరిళ్లూ కాలవ గట్టునే ఉన్నాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వానాకాలం నీళ్లు గుమ్మం దాకా వచ్చి, మర్యాదగా తిరిగి వెళ్లిపోయేవి. తర్వాత లోపలికి రావడం మరిగాయి. ఇప్పుడు వాన ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియడం లేదు. పడితే మాత్రం నెల రోజుల వాన ఒక్క పూటలో కుమ్మరిస్తుంది. నీళ్లు తోడేశాక ప్రతిసారీ రాళ్లూ, విరిగిన ఇటుకలూ తెచ్చి పోసి, పైన సిమెంటు పూసి నేల ఎత్తు చేసుకుంటాం. అలా గుమ్మంలో సగం భూమిలోకి పోయింది. కిటికీ మోకాళ్ల దగ్గరికి వచ్చింది. రేకు మాత్రం ఉన్నచోటే ఉంది.

కింద నుంచి నీళ్లు తరుముతుంటే పైన ఎండ కాచుకుని కూర్చుంది. వేసవిలో రేకు వేడి జుట్టులోంచి మాడుకి తగులుతుంది. ఏటికేడు ఆ వేడి పెరుగుతోందే గాని తగ్గడం లేదు. ఫ్యాను రెక్క మా ఆయన చెవికి తగిలి రక్తం వచ్చాక, దాన్ని విప్పించి పాత చీరలో చుట్టి మంచం కింద పెట్టాను. నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతాను. పగలంతా ఆవిరి గదిలో ఉడికి ఇంటికొస్తే, ఇక్కడ ఇంకో ఆవిరి గది.

ఈ ఏడు వానలకి ముందే కాలవకి గోడ కడతామని చెప్పి మునిసిపాలిటీ కాంట్రాక్టరు మనుషులు వీధి చివర ఇటుకలు గుట్టగా పోశారు. ఆ వెనకే ఒక సోమవారం కొలతలు తీసే అతను వచ్చాడు. అడుగు లోపల పెట్టాడో లేదో నుదురు దూలానికి ఠంగున కొట్టుకుంది. నుదురు రుద్దుకుంటూనే టేపు లాగి నేల నుంచి రేకు దాకా కొలిచాడు.

"ఇది ఇల్లు కాదమ్మా," అన్నాడు.

"మరేంటి బాబూ?"

"షెడ్డు. మనిషి నిలబడే ఎత్తు లేకపోతే ఇల్లు కింద రాయడానికి లేదు. మీ వరసంతా ఇంతే."

"షెడ్డని రాస్తే ఏమవుతుంది?"

"గోడకి అడ్డం కదా, తీసేస్తారు. ఇల్లయితే దగ్గర్లో ఇంకో ఇల్లు చూపించాకే కదిలించాలి. షెడ్డుకి అలాంటిదేం లేదు."

మా అత్త మంచం మీంచి లేచింది. "పొయ్యి ఉంది, పక్కలున్నాయి, గోడ మీద నా మొగుడి ఫొటో ఉంది. ఇవన్నీ ఏ షెడ్డులో ఉంటాయి నాయనా?"

"నేనేం చెయ్యను పెద్దమ్మా. నేనిక్కడ నిలబడలేకపోతున్నానా లేదా, మీరే చూడండి."

"నాకేం ఇబ్బంది లేదే."

అతనికి నవ్వొచ్చింది. చెడ్డవాడేం కాదు. అవతలి గట్టు కూడా కొలవాలనీ, వచ్చే సోమవారం ఇటే వెళ్తూ ఆఖరుసారి చూసి రాసేస్తాననీ చెప్పి, నడుం వంచి బయటపడ్డాడు.

ఆ సాయంత్రం సంగతంతా విని మా ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "పోనీ మా అన్న దగ్గరికి పోదామా," అన్నాడు.

"మీ అన్న ఇంట్లో మనకి మంచం కిందే చోటు. మన ఫ్యానుతో పాటు."

"అయితే ఏం చేద్దామంటావ్?"

"వాళ్లకి కావలసింది ఎత్తే కదా. రేకు ఎత్తుదాం."

అతను నా వైపు చూసిన చూపుకి, లాండ్రీ ఆవిరి నా తలకెక్కిందనుకున్నాడని అర్థమైంది. "మన రేకు ఒక్కటే ఎలా ఎత్తుతాం? మన రేకు అంచు మీద మిషనామె రేకు కూర్చుంది. మనది పోయి మేస్త్రి రేకు మీద కూర్చుంది. చివరిదాకా అంతే. ఒకటి కదిపితే వరసంతా నోరు తెరుస్తుంది."

"అయితే వరసంతా ఎత్తుదాం."

"మిషనామెతో నువ్వు మాట్లాడతావా?"

మిషనామె మా పక్కింట్లో బట్టలు కుడుతుంది. ఒకప్పుడు వదినా అంటే వదినా అనుకునేవాళ్లం. పోయిన వానలకి ముందు, ఎవరికీ చెప్పకుండా తన నేల ఒక్కటే జానెడు ఎత్తు చేసుకుంది. ఆమె ఇంట్లోకి పోవలసిన నీళ్లు కూడా మా ఇంట్లోకే వచ్చాయి. మా అత్త పరుపు తేలింది. అప్పటి నుంచి మా రెండిళ్ల మధ్య గోడ తప్ప ఇంకేం లేదు.

మర్నాడు పని నుంచి వస్తూ ఆమె గుమ్మం దగ్గర ఆగాను. లోపలికి వెళ్లలేదు. ఆమె మిషను ఆపలేదు.

"నువ్వు నాతో మాట్లాడవుగా," అంది, సూది మీంచి చూపు తిప్పకుండా.

"ఇప్పుడూ మాట్లాడ్డం లేదు. మా రేకుకి మీ రేకుతో పనుంది."

మిషను ఆగింది. విషయం చెప్పాను. ఆమె మోకాళ్ల మీద గుడ్డ మడతలు సర్దుకుంటూ విన్నది. తర్వాత నేను అడగనిది తనే అంది. "నేల ఎత్తినప్పుడు నీళ్లు మీ ఇంట్లోకి పోతాయని నాకు తెలుసు. తెలిసే చేశాను. మిషను మోటారు తడిస్తే నాకు ఇంకేం లేదు."

"మా అత్త పరుపు తడిసింది."

"మీ అత్త ఎండబెట్టుకుంది. మోటారు ఎండబెడితే తిరగదు."

కోపం వచ్చింది. కానీ ఆ మాటలో అబద్ధం లేదు. నాకే మిషను ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో. అది మాత్రం ఆమెకి చెప్పలేదు.

"వస్తావా, రావా?"

"వస్తా. ఒక్క మాట. ఇక మీద నేల కూడా అందరం కలిసే ఎత్తాలి. నాకు చెప్పకుండా నువ్వు, నీకు చెప్పకుండా నేను పోసుకోవడం కాదు."

"ఆ మాట పోయినేడు చెప్పాల్సింది."

"పోయినేడు నువ్వు అడిగావా?"

మిగతా ఇళ్లను ఒప్పించడం మా అత్త పని. ఆవిడ కర్ర పట్టుకుని ఇంటింటికీ వెళ్లి కూర్చుంది. ఒప్పుకునేదాకా లేవలేదు. మేస్త్రి మా అవతలి ఇంటాయనే. ఊళ్లో ఎవరెవరివో మేడలు కడతాడు గాని తనింట్లో మోకాళ్ల మీద నడుస్తాడు. అతను గోడలు తట్టి చూసి, దూలాలు గట్టివే అన్నాడు. ప్రతి ఇంట్లో దూలం కింద ఒక దుంగ, దుంగ కింద ఒక జాకీ పెట్టి, అందరూ ఒక్కసారే తిప్పాలి. లేచినంత మేర గోడ మీద ఇటుకలు పేర్చుకుంటూ పోవాలి. లారీలు ఎత్తే జాకీలు టైర్ల దుకాణం అతనిస్తాడు. అతని చొక్కాలన్నీ మిషనామే కుడుతుంది.

"అన్నీ ఉన్నాయి. ఇటుకలే లేవు," అన్నాడు మేస్త్రి.

అందరి తలలూ వీధి చివరకి తిరిగాయి.

"అవి గోడకి తెచ్చినవి," అన్నాడు మా ఆయన.

"మనం కట్టేదీ గోడేగా," అంది మా అత్త. "నీళ్లు ఆపడానికే తెచ్చారు. మన దగ్గరా అదే పని చేస్తాయి. పట్టపగలే మొయ్యండి. చీకట్లో మోస్తే దొంగతనం అవుతుంది."

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. మగవాళ్లు ఇటుకలు మోశారు, మేస్త్రి గోడెక్కాడు, జాకీల దగ్గర ఆడవాళ్లం కూర్చున్నాం. ఆరిళ్లలో ఆరుగురం ఒకరికొకరం కనపడం. అందుకని మా అత్తని వీధి మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టాం. ఆవిడ కర్ర నేలకేసి కొట్టి, "తిప్పండే," అంటే అందరం జాకీ ఒక చుట్టు తిప్పాలి. "ఆగండే," అంటే ఆగాలి.

మొదటి చుట్టుకి ఏమీ కదల్లేదు. రెండో చుట్టుకి రేకు మూలిగింది. ఎన్నేళ్ల తుప్పో, బూజో నా మొహం మీద రాలింది. ఆ తర్వాత గోడకీ దూలానికీ మధ్య సన్నటి వెలుగు గీత కనపడింది. మా ఇంట్లోకి అటు నుంచి వెలుగు రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇదేదో కోడళ్లని అదుపులో పెట్టడం కన్నా తేలిగ్గా ఉందే," అంది అత్త బయటి నుంచి. వరసంతా నవ్వులు వినిపించాయి.

మూడు వరసల ఇటుకలు పేర్చాక గాలి లేచింది. రేకులు అదిరాయి. పక్కింట్లోంచి మిషనామె గొంతు వినిపించింది, "దుంగ జారుతోంది, ఒరుగుతోంది," అని. అత్త, "ఆగండే," అని అరిచింది. నేను జాకీ వదిలి పక్కింట్లోకి పరిగెత్తాను. ఏడాదిగా దాటని గుమ్మం ఎప్పుడు దాటానో కూడా తెలియలేదు. ఆమె దుంగని భుజంతో కాసుకుని నిలబడి ఉంది. అవతలి వైపు నేను భుజం పెట్టాను. దుంగ మా ఇద్దరి మధ్య, మా ఇద్దరి మీదా దూలం, దాని మీద ఆరిళ్ల రేకులు.

"వదిలి బయటికి పో వదినా," అన్నాను.

"నువ్వు పో. నా మిషను ఇక్కడుంది."

"మిషనుకి కాళ్లున్నాయి, కావలిస్తే అదే వస్తుంది."

అంత బరువులోనూ ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే దుంగ కదిలింది. "నవ్వించకే తల్లీ," అంది పళ్లు బిగబట్టి. మా ఆయనా, మేస్త్రీ లోపలికి దూకి దుంగని తిన్నగా నిలబెట్టి, పక్కన ఇంకోటి ఆనించారు. నా భుజం చర్మం లేచిపోయింది. ఆమెది కూడా. మేస్త్రి ఇక చాలు అంటాడేమో అనుకున్నాను. అతను చెమట తుడుచుకుని, "ఇంకో రెండు వరసలు," అన్నాడు. అత్త కర్ర మళ్లీ నేలకి తగిలింది.

పొద్దు వాలకముందే ఐదు వరసలూ పూర్తయ్యాయి. గాలి ఆడడానికి అక్కడక్కడా సందులు వదలమన్నాను. మా ఆయన మంచం కింది మూట విప్పి ఫ్యాను బిగించాడు. మిషనామె పంపిన నూనెచుక్క వేస్తే గాని అది తిరగలేదు.

సోమవారం కొలతల బాబు వచ్చాడు. పాత దెబ్బ గుర్తుందేమో, గుమ్మంలోనే నడుం వంచి, లోపలికొచ్చాక కూడా అలాగే ఉండిపోయాడు.

"తల ఎత్తు నాయనా," అంది అత్త. "మొహమాటపడకు."

అతను ముందు చెయ్యి పైకి పెట్టాడు. చెయ్యి దేనికీ తగల్లేదు. మెల్లగా నడుం తిన్నగా చేశాడు. ఫ్యాను గాలికి అతని జుట్టు రేగింది. టేపు లాగాడు, కొలిచాడు, నమ్మకం లేనట్టు మళ్లీ కొలిచాడు. తర్వాత గోడపైన ఎర్రగా మెరుస్తున్న కొత్త ఇటుకల వైపు చూశాడు. ఆపైన వంగి కిటికీలోంచి, తరిగిపోయిన గుట్ట వైపు చూశాడు.

"ఈ ఇటుకలు..."

"అవే," అన్నాను. దాచడానికి ఏముంది, ఇంటి నెత్తిమీదే ఉన్నాయి.

"కాంట్రాక్టరు ఊరుకోడమ్మా."

"రమ్మనండి. ఇదివరకు ఎవరొచ్చినా వంగబెట్టి మాట్లాడాల్సి వచ్చేది. ఇప్పుడు నిలబెట్టే మాట్లాడతాం."

అతను కాసేపు టేపుని వేళ్లకి చుట్టుకున్నాడు. "ఇటుకలు చూడ్డం నా పని కాదు. ఎత్తు చూడ్డమే నా పని," అని, చేతిలో ఉన్న కాగితం మీద షెడ్డు అన్నది కొట్టేసి ఇల్లు అని రాశాడు. నేను పక్కన నిలబడి, ఆ అక్షరాలు పూర్తయ్యేదాకా చూశాను. "వానలొస్తే మళ్లీ నేల ఎత్తుతారుగా. అప్పుడేం చేస్తారు?"

"జాకీలు ఎవరి దగ్గర దొరుకుతాయో తెలిసిందిగా బాబూ," అంది గుమ్మంలోంచి మిషనామె. ఎప్పుడొచ్చిందో మరి. "పదండి, తర్వాత మా ఇల్లే. అదీ ఇల్లే అని రాసుకోవాలి."

కాంట్రాక్టరు ఇంకా రాలేదు. వస్తాడు. వాన కూడా వస్తుంది, ఎప్పుడొస్తుందో తెలియదు. మా ఆయన మాత్రం ఇంకా వంగే తిరుగుతున్నాడు, నెత్తిన ఏమీ లేకపోయినా. అలవాటు. పక్క నుంచి వెళ్లినప్పుడల్లా వీపు మీద ఒక్కటి వేస్తున్నాను.

"తిన్నగా నిలబడవయ్యా. మనం ఉంటున్నది ఇల్లు."