వనజ రాసిన పదకొండు వరుసలు

నేను ఒక గోరంత వైఫై డాంగిల్‌ని, కంప్యూటర్‌కు గుచ్చితే గాలిలోంచి ఇంటర్నెట్ అందించేదాన్ని. నన్ను చేసినవాళ్లు పెట్టె మీద ఒక చిప్పు పేరు అచ్చువేసి, నా కడుపులో మరొకటి పెట్టారు. అందుకే నేను పనిచేయక, కొన్నవాళ్లిద్దరూ రెండోరోజే తిరిగిచ్చేశారు. మంచిర్యాలలో ఒక దుకాణంలో పాత చార్జర్ల మధ్య పడి ఉంటే వనజ నన్ను ఏరుకుంది.

ఆమె పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకునేది. ఆమె ల్యాప్‌టాప్‌కు సొంత వైఫై చెడిపోయింది, అందులో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. దానికి నేనెవరో తెలియదు. వారంపాటు కుస్తీ పట్టి, నన్ను కంప్యూటర్‌కు పరిచయం చేసే ప్రోగ్రామును, అంటే డ్రైవర్‌ను, తానే సరిచేసింది. నా నీలం దీపం వెలగగానే, "దొరికినవ్ పో!" అని నవ్వింది. మనుషులు పెట్టె మీది పేరే నమ్ముతారు. లోపలేముందని అడిగింది ఆమె ఒక్కతే.

ఆషాఢంలో బస్సు బోల్తాపడి వనజ పోయింది. ఫోన్ నుజ్జయింది. ఆమె ఫోటోలు, గొంతు రికార్డులు అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. వాటి పాస్‌వర్డులు ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప మరెక్కడా లేవు. ఎనిమిది నెలలకు చెల్లెలు తిరుమల దాన్ని తెరిచి నన్ను గుచ్చింది. దీపం వెలగలేదు. పోయే ముందురోజే వనజ లినక్స్‌ను కొత్తది చేసుకుంది. ఆ కొత్తదానికి నేను మళ్లీ పరాయిదాన్ని.

రిపేరు దుకాణంలో, "మొత్తం తుడిచి విండోస్ ఎక్కిస్తే అయిపోతది మేడం" అన్నారు.

"తుడిస్తే మా అక్క పోతది గదా!" అంది తిరుమల. ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని వచ్చేసింది.

నా వీపు మీది నంబరు తన ఫోన్‌లో కొట్టి వెతికింది. అన్నీ అర్థంకాని ఇంగ్లీషు పేజీలు. చివరికి ఒక్కటి తెలుగులో దొరికింది. 'భయపడకండి. ఇది పాడవలేదు. కంప్యూటర్‌కు దీని పేరు తెలియదు, అంతే.' కింద కంప్యూటర్‌లో కొట్టాల్సిన పదకొండు వరుసలు. వాటి కింద: వనజ, మంచిర్యాల.

తిరుమల వంటింటి వైపు తిరిగి, "అక్కా?" అని పిలిచింది.

ఒక్కో అక్షరం చూసి ల్యాప్‌టాప్‌లో కొట్టింది. డ్రైవర్ ముక్కలన్నీ వనజ దాచిన చోటే ఉన్నాయి. ఐదో వరుసకు తప్పని వచ్చింది. పేజీలో ఆ పక్కనే రాసి ఉంది: 'ఇక్కడ ఖాళీ వదలడం మరిచిపోయారు కదూ? నేనూ మరిచాను.' తిరుమల వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ వదిలి మళ్లీ కొట్టింది. పదకొండో వరుసకు నేను వెలిగాను.

వనజ ఖాతా తెరుచుకుంది. రికార్డుల కన్నా ముందు, ఆ పేజీ చదివి సాయమడిగినవాళ్ల ఉత్తరాలు వచ్చిపడ్డాయి, ముప్పైనాలుగు. చివరిది ఒక బడి పంతులుది. 'వనజ గారూ, ఉన్నారా? ఐదు నెలలుగా రాస్తున్నాను. మా ఆరు కంప్యూటర్లు ఆగిపోయి ఉన్నాయి.'

తిరుమల కళ్లు తుడుచుకుని రాసింది: 'అక్క లేదు సారూ. నేను ఆమె చెల్లెల్ని. ఎక్కడ ఆగిందో చెప్పండి.'

ఆ ఉత్తరాన్ని గాలిలోకి వదిలింది నేనే. పంపినవారి పేరు మాత్రం వనజ అనే ఉంది.