అడుగు లేని బావి, ఐదో ఎడిషన్

ఆ ఇంట్లో పాట పాడకూడదని ఎవరూ రూలు పెట్టలేదు. కానీ పాడేవాళ్ళే లేరు. నాన్న స్నానాల గదిలో కూడా కూనిరాగం తీయడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ ఇంటి అమ్మాయి తన తండ్రి నోట ఒక్క పాట ముక్క విన్నది లేదు. ఇందులో వింతేముంది, లోకంలో పాడని తండ్రులు లేరా అంటారా? ఉన్నారు, బోలెడుమంది. కానీ వాళ్ళు పాడిన ఆల్బమ్ నాలుగు ఎడిషన్లు అమ్ముడుపోయి ఐదోదానికి ముస్తాబవుతూ ఉండదు కదా.

ఆల్బమ్ పేరు 'అడుగు లేని బావి'. గోథిక్ మెటల్. ఆ మాట కొత్తయినవాళ్ళకి చెప్పాలంటే, వెనక గిటార్లు ఉరుముతుంటే వాన గురించీ, శ్మశానం గురించీ, చచ్చిపోయిన ప్రేయసి గురించీ తీరుబడిగా ఏడవడం. నలుగురు కుర్రాళ్ళు మిట్టమధ్యాహ్నం ఎండలో నల్లకోట్లు తొడుక్కుని, కళ్ళకి కాటుక దిద్దించుకుని, చెమటకి ఆ కాటుక చెంపల మీదికి కారితే ఇదే ఇంకా బావుందని ఫొటోలు దిగిన రోజులవి. అట్ట మీద శవపేటికలో పడుకున్నది నాన్నే. నిజానికి అది పేటికా కాదు, పాడూ కాదు. తలుపులు బిగించని బట్టల బీరువా. వడ్రంగిని బతిమాలి ఒక్క పూటకి తెచ్చుకున్నారు. ఆ దెబ్బతో నాన్నకి శవం అనే పేరు స్థిరపడిపోయింది. వాళ్ళకి కాటుక దిద్దిన పిల్లే అమ్మ. తర్వాత ఆయన్నే చేసుకుని, ఇప్పుడు సొంతంగా బ్యూటీ పార్లర్ నడుపుతోంది. ఏరికోరి శవాన్ని చేసుకున్నదాన్ని నేనేనంటూ తనమీద తనే జోకులేసుకుంటుంది.

ఆ ఆల్బమ్‌ని నిలబెట్టింది నాన్న గొంతు. ఆ గొంతు ఎక్కడో కింద మొదలై, ఇక ఇంతకన్నా కిందికి పోదులే అనుకున్నచోట ఇంకో మెట్టు దిగేది. అభిమానులు దానికి పాతాళం గొంతు అని పేరు పెట్టారు. మొదట క్యాసెట్టు వచ్చింది. తర్వాత రెండు పాటలు ఎక్కువ కలిపి సీడీ వేశారు. ఆ తర్వాత ఎర్రటి పెద్ద రికార్డు వేసి, అట్ట మీది శవానికి కూడా ఎర్రరంగు పులిమారు. నాలుగోసారి కొత్తదనమేమీ తోచక మోత పెంచారు. ఆ ఎడిషన్ వింటే చెవిలో రంపం పెట్టి కోసినట్టుంటుంది. ఏ ఎడిషన్‌లో వాన చప్పుడు ఎక్కువసేపు ఉందన్న దానిమీద కొట్టుకు చచ్చే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. రికార్డుల కంపెనీవాళ్ళు ప్రతిసారీ నాన్నకి ఒకటి పంపేవారు. ఆయన దాన్ని పైకాగితం కూడా విప్పకుండా అలమరాలో పెట్టి, డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళిపోయేవాడు.

అవును, నాన్న కారు నేర్పుతాడు. పక్కసీట్లో కూర్చుని, తనవైపు ఇంకో బ్రేకు బిగించుకుని, జనం ప్రాణాలు కాపాడుతుంటాడు. మొదట్లో కొందరు అభిమానులు కారు నేర్చుకునే వంకతో వచ్చి, పాతాళం గొంతు 'ఎడమకి తిప్పండి' అంటుంటే ఒళ్ళు పులకరిస్తుందని ఎదురుచూసి, మామూలు మనిషి గొంతు విని మొహాలు వేలాడేసుకుని పోయేవారట.

పాడటం ఎందుకు మానేశాడో అమ్మాయికి అమ్మ చెప్పింది, నాన్నకి తెలియకుండా. క్యాసెట్టు బయటికొచ్చిన కొత్తలో పెద్ద కచేరీ ఒకటి కుదిరింది. అభ్యాసానికి కూర్చుంటే క్యాసెట్టులో తను దిగిన లోతుకి తనే దిగలేకపోయాడు. ఎంత గింజుకున్నా గొంతు పైనే ఆగిపోయేది. వేడినీళ్ళు తాగాడు. మాట్లాడటం మానేసి చీటీల మీద రాసి చూపించాడు. డాక్టరేమో గొంతుకి ఏ రోగమూ లేదన్నాడు. ఏ రోగమూ లేకుండానే పోయిందంటే ఇక మందెక్కడుంటుందని ఆయన కుమిలిపోయాడు. సరిగ్గా కచేరీ ముందురోజు, నాకు ఆసక్తి లేదని ఒక్క ముక్క చెప్పి బయటికొచ్చేశాడు. వేరేవాణ్ణి పెట్టి కచేరీ అయిందనిపించారు. అది కాస్తా చతికిలబడింది. దాంతో పాటే జట్టూ చెదిరిపోయింది.

జట్టులో గిటారు వాయించినాయనకి దీని మీద ఇప్పటికీ కడుపుమంటే. జట్టులో ఆయనకి పెట్టిన పేరు గబ్బిలం. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్నాడు. గబ్బిలం కళ్ళజోళ్ళు అమ్మడమేమిటని నవ్వనివాళ్ళు లేరు. నవ్వితే నవ్వారు, చూపు పరీక్ష మాత్రం చేయించుకుని వెళ్ళమంటాడు. ఎడిషన్ల వ్యవహారమంతా ఆయనదే. నాన్నతో కాగితం పని ఏదైనా ఉంటే తప్ప మాట్లాడడు. శవానికి నాలుగు చప్పట్లు వినపడేసరికి కళ్ళు నెత్తికెక్కాయని, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆసక్తి లేదన్నాడని, పిల్ల ముందే అనేసేవాడు. అమ్మాయికి నోటిదాకా వచ్చేది. కానీ అమ్మకిచ్చిన మాట అడ్డమొచ్చేది.

పాత రికార్డింగులు శుభ్రం చెయ్యడమే అమ్మాయి పని. నాన్న పాడడు కాబట్టి కూతురు ఊళ్ళోవాళ్ళ పాటలన్నీ మోస్తోందని అమ్మ దెప్పుతుంటుంది. ఐదో ఎడిషన్ పని వెతుక్కుంటూ ఆమె స్టూడియోకే వచ్చింది. దాంతో పాటు ఒక అద్భుతం కూడా వచ్చింది. ఎప్పుడో పోయిందనుకున్న అసలు టేపు, గబ్బిలం దుకాణం అటక దులుపుతుంటే విరిగిన ఫ్రేముల పెట్టెలో దొరికింది. ఇన్నాళ్ళూ అచ్చేసిన ఎడిషన్లన్నీ మొదటి క్యాసెట్టు కోసం తీసిన నకలుకి నకళ్ళే. అసలుది మళ్ళీ ఎవరూ వినలేదు.

పాత టేపులు తేమకి జిగురెక్కుతాయి. అలాగే తిప్పితే పూతంతా ఊడి యంత్రానికి అంటుకుంటుంది. అందుకని వాటిని ముందు సన్నటి వేడి మీద ఆరబెట్టాలి. స్టూడియోలో దానికోసం పళ్ళముక్కలు ఎండబెట్టే పెట్టె ఒకటి ఉంది. టేపు అందులో వేగుతోందని ఫోనులో చెబితే, ఉప్పూ కారం సరిపోయాయో లేదో చూసుకోమంది అమ్మ.

ఆరిన టేపు యంత్రానికి ఎక్కించి మీట నొక్కింది అమ్మాయి. రికార్డింగువాళ్ళు టేపు మొదట్లో ఒక గుర్తు కూత పెడతారు. ఎప్పుడు ఎక్కడ తిప్పినా ఆ కూత ఫలానా స్థాయిలోనే వినపడాలి. అలా వినపడితే యంత్రం సరైన వేగంతో తిరుగుతున్నట్టు లెక్క. కూత అచ్చు గుద్దినట్టు సరిపోయింది. తర్వాత పాట మొదలైంది. అమ్మాయి కంగారుగా యంత్రం ఆపేసింది. పాట తేలిగ్గా, చలాకీగా, ఏదో పనిమీద పోతున్నట్టు నడుస్తోంది. మళ్ళీ మొదటికి తిప్పింది. కూత సరిగ్గానే ఉంది. నాలుగు ఎడిషన్లూ పక్కన పెట్టి పోల్చి చూసింది. నాలుగూ దాదాపు ఒక శ్రుతి కిందికి ఉన్నాయి.

తప్పెక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. క్యాసెట్టు కోసం నకలు తీసినచోట యంత్రం అరిగిపోయి బద్ధకంగా తిరిగింది. పాట నెమ్మదించి, గొంతు లోతుకి దిగిపోయింది. కుర్రాళ్ళు దాన్ని విని, అబ్బో, మనం ఇంత భారంగా వాయించామా అని మురిసిపోయారు తప్ప అనుమానపడలేదు. ఎవరి దగ్గరా కొలిచే పరికరం లేదు. ఒకరి తీగ విని ఒకరు శ్రుతి చేసుకునే బాపతు. ఆ తర్వాత గబ్బిలం శ్రద్ధగా క్యాసెట్టు విని, దానికి తగ్గట్టు తీగలు వదులు చేసుకున్నాడు. గొంతుకి మరలు లేవు కాబట్టి నాన్న వదులు చేసుకోలేకపోయాడు. ఆడలేక మద్దెల ఓడని ఎన్ని అన్నా, ఈ ఒక్కసారి మాత్రం మద్దెలే ఓడు. నాన్న గొంతు పోనేలేదు. ఏ మనిషికీ లేని గొంతుతో పోల్చుకుని తనది పోయిందనుకున్నాడు.

అమ్మాయికి మొదట ఎగిరి గంతేయాలనిపించింది. కానీ ఈ మాట ఆయనతో ఎలా చెప్పడం? నువ్వు ఉత్తపుణ్యానికి నోరు కట్టుకున్నావు నాన్నా, నీ వయసంతా ఎవరిదో అరిగిపోయిన యంత్రం మింగేసిందని చెబితే మనిషి నిలబడతాడా? చెప్పకపోతే మాత్రం, తెలిసీ దాచిన కూతురు ఆయన పక్కన కూర్చుని అన్నం ఎలా తింటుంది? రెండు రోజులు చూసి, తిన్నగా పార్లర్‌కి వెళ్ళి అమ్మ దగ్గర కక్కేసింది. అమ్మ ఒకావిడ జుట్టుకి రంగు వేస్తోంది. ఆ పని పూర్తిచేసింది. చేతి తొడుగులు తీసేసి అప్పుడంది.

"చెప్పెయ్యవే. పోయిందనుకునే ఇన్నాళ్ళు బతికాడు. పోలేదని తెలిస్తే చస్తాడా?"

ఐదో ఎడిషన్‌కి పాతవాళ్ళ ఫొటో ఒకటి కావాలని కంపెనీ అడుగుతూనే ఉంది. ఆ వంకతో సెలవురోజు పొద్దున్నే నాన్ననీ గబ్బిలాన్నీ స్టూడియోకి రప్పించింది. నాన్న నెత్తిన బోర్డున్న స్కూలు కారులోనే వచ్చాడు. గబ్బిలం ఫొటో కోసమని నల్లకోటు వేసుకుని, గిటారు మోసుకుని వచ్చాడు. కోటు బొత్తాలు పెట్టుకుందామంటే పొట్ట ఒప్పుకోలేదు. ఇద్దరూ పెళ్ళివారిలా ఒకరి ఆరోగ్యం ఒకరు విచారించుకుని, చెరో మూల కూర్చున్నారు.

అమ్మాయి గుర్తు కూత వినిపించింది. అదేమిటో చెప్పింది. ఆల్బమ్‌లో చివరి పాట 'మెట్లు'ని ముందు పాత ఎడిషన్‌లో కాసేపు వినిపించి, తర్వాత టేపు మీద వేసింది. గబ్బిలం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, చెవులకి కూడా అదే వైద్యం అన్నట్టు. నాన్న కదల్లేదు. జరిగిందంతా ఆమె పూసగుచ్చినట్టు చెప్పింది, ఆయన మొహం వంక చూడకుండానే.

"ఈ కుర్రాడు నేనే. నా గొంతు ఇదే," అన్నాడు నాన్న చివరికి. "నేనే కదా పాడాను, మళ్ళీ ఎందుకు రాదని ఏడ్చేవాణ్ణి. అసలు అలా పాడనే లేదన్నమాట."

గబ్బిలానికి విషయం తలకెక్కడానికి కాస్త టైము పట్టింది. అందుకా నువ్వు వెళ్ళిపోయిందని అడిగాడు. నాన్న తలూపాడు. ఒక్క మాట చెప్పి చావొచ్చు కదరా, తీగలు బిగించుకుని నీకు తగ్గట్టే వాయించేవాళ్ళం కదా అని గబ్బిలం కోప్పడ్డాడు. సిగ్గేసిందిరా అన్నాడు నాన్న. నువ్వు మాత్రం ఎందుకని అడిగావా, పొగరని ప్రచారం చేశావు గానీ అని కూడా అన్నాడు. గబ్బిలం కోటు బొత్తాం పెట్టుకోబోయి మానేశాడు.

నాన్న లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. ఆ టేపు మళ్ళీ వెయ్యమన్నాడు. అమ్మాయి మీట నొక్కింది. నాన్న పాడబోతున్నాడు. కానీ నోరు తెరిచి మొదటి చరణం అందుకోగానే గొంతు జీరపోయింది. ఆ కుర్రాడి గొంతు అవలీలగా ఎగిరినచోట ఈయనది గోడకి కొట్టుకున్నట్టు ఆగింది. ఇంకోసారి ప్రయత్నించాడు, అదే వరస. మైకు వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు పోలేదు, ఇప్పుడు పోయిందన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మేలు చెయ్యబోయి ఆయన్ని రెండోసారి చంపానని అమ్మాయికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఎదుటివాడి కష్టం చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం గబ్బిలానికి చేతకాదు. గిటారు ఒళ్ళోకి తీసుకుని అదే పాట ఎత్తుకున్నాడు. ఆయన తీగలు ఇప్పటికీ క్యాసెట్టు శ్రుతికే వదులుగా ఉన్నాయి. నిదానంగా, బరువుగా మోగింది పాట. నాన్న కాసేపు నేల చూపులు చూశాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ఎవరితోనో గొడవ పెట్టుకున్నట్టు, అందుకున్నాడు.

గొంతు దిగింది. మొదటి మెట్టు దిగింది, రెండోది దిగింది. అప్పట్లో ప్రతిసారీ ఆగిపోయిన చోటు వచ్చింది. ఆయన కళ్ళు మూసుకోవడం అమ్మాయి చూసింది. గొంతు ఆగలేదు. ఆ చోటు దాటి, ఇక దిగేందుకు చోటు లేదనుకున్నచోట ఇంకో మెట్టు దిగి, అడుగున స్థిమితంగా కూర్చుంది. పక్కనున్న గాజుగ్లాసు సన్నగా జిల్లుమంది. వయసు చేసే పనులన్నీ చెడ్డవి కావు. మోకాళ్ళు పట్టేస్తుంది, జుట్టు రాలగొడుతుంది, అలాగే మగవాడి గొంతుని ఏటికేడూ చడీచప్పుడూ లేకుండా కిందికి దించుతుంది. క్యాసెట్టులో ఉన్న గొంతు అప్పుడు ఎవరిదీ కాదు. ఇప్పుడు ఆయనది. ఎప్పుడు వచ్చిందో ఏమో, పాడి చూసుకోలేదంతే. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. తండ్రి పాడగా వినడం ఆమెకి అదే మొదటిసారి.

గిటారు ఆగిపోయింది.

"ఆపావేంరా?" అన్నాడు నాన్న.

గబ్బిలం చెయ్యి ఊపాడు. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, తర్వాతి చరణం గుర్తుకు రావట్లేదని అబద్ధమాడాడు.

"నాకు గుర్తుంది. నువ్వు వాయించు."