రెండో తాళంచెవి

ఆ వీధిలో రెండు సైకిళ్లు పోయాయి. అవి పోయిన తీరు నొయెమీకి నిద్ర లేకుండా చేసింది. దొంగ తాళం కోసి ఎత్తుకుపోతే కోసిన ముక్కలు అక్కడే పడి ఉండాలి. రెండుచోట్లా సైకిల్ కట్టేసిన నో పార్కింగ్ స్తంభం మాత్రం నిటారుగా నిలబడి ఉంది. సైకిలూ లేదు, తాళమూ లేదు.

"తాళంచెవి ఉన్నవాడే తీశాడు," అంది యూగెట్, పై అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ. "ఇంకెలా పోతుందమ్మాయ్?"

చెవులు ఎవరి దగ్గరున్నాయో మాంట్రియల్‌కి తెలియకపోయినా ఆ వీధికి తెలుసు. మంచు కరగగానే వెనక సందులో బల్ల వేసుకుని కూర్చున్నాడు లూసియెన్, మెట్రో మరమ్మతుల్లో పనిచేసి రిటైరైన మనిషి. అందరి సన్నతీగ తాళాలూ తీసుకుని లావుపాటి ఉక్కు తాళాలిచ్చాడు. సైకిళ్లను తిరగేసి, అడుగునున్న నంబర్లు నమోదు చేయించాడు. ప్రతి తాళానికీ రెండేసి చెవులుంటే, రెండోది బిస్కట్ల డబ్బాలో తానే దాచాడు.

"మీరెలాగూ పారేసుకుంటారు. నా దగ్గరుంటే నయం," అన్నాడు. అప్పుడందరూ నవ్వుతూ ఇచ్చేశారు. నొయెమీ కూడా.

ఇప్పుడామెకు నవ్వు రావడం లేదు. మంచాన పడ్డ ముసలివాళ్లకు ఇళ్లకెళ్లి స్నానాలు చేయించే పని ఆమెది. ఊరికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. సైకిల్ లేకపోతే వేళకు అందుకోలేదు. వేళకు రానివాళ్లకు ఆ పని ఉండదు.

లూసియెన్‌ని అడగడానికి నోరు రాలేదు. అడిగితే దొంగవని అన్నట్టే. అందుకని శనివారం సాయంత్రం కొవ్వొత్తి వంచి, తన తాళం రంధ్రంలో ఒక బొట్టు మైనం పోసింది. ఎవరు చెవి పెట్టినా మైనం చెదురుతుంది.

ఆదివారం పొద్దున కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికి వస్తే లూసియెన్ కనిపించాడు. ఆమె సైకిల్ పక్కనే వంగి ఉన్నాడు. లేచి అటూ ఇటూ చూశాడు. ఆమె కప్పు వదిలేసి బయటి ఇనప మెట్లు దిగింది.

"ఏం చేస్తున్నారు లూసియెన్ గారూ?"

"వచ్చావా. ఆ సైకిల్ పట్టుకో."

"ఎందుకు?"

"పట్టుకోమ్మా, కరవదు."

ఆయన స్తంభాన్ని రెండు చేతులతో పైకి లాగాడు. నేలలోని గొట్టంలోంచి అది సులువుగా ఊడి వచ్చింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. సైకిల్ మాత్రం తాళంతో సహా ఆమె చేతుల్లోకి వచ్చేసింది.

స్తంభాన్ని బిగించే బోల్టు లేదు. ఆ చోట ఎవరో నమిలిన బబుల్‌గమ్ అద్ది, నల్లరంగు పూశారు. దూరం నుంచి చూస్తే అచ్చం బోల్టు తలే.

"ముందే సిద్ధం చేసుకున్నారు. ఇవాళో రేపో వచ్చేవాళ్లు. ఆ రెండూ ఇలాగే పోయుంటాయి," అన్నాడు లూసియెన్. "గట్టి తాళమిచ్చాను గానీ దేన్ని నమ్మి వెయ్యాలో చెప్పలేదు. నాదే బుద్ధితక్కువ."

స్తంభాన్ని మళ్లీ గొట్టంలోకి దించి చేతులు దులుపుకున్నాడు.

"నిన్ను లేపడమెందుకులే, తీసి లోపల పెడదామనుకున్నా. చెవి దూరలేదు. మైనం." ఆయన ఆమె మొహంకేసి చూడలేదు. "నా కోసమేనా?"

నొయెమీ వంగి, తాళం రంధ్రంలోని మైనాన్ని గోటితో గీకడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం వీధివాళ్లంతా కలిసి ప్రతి స్తంభాన్నీ ఊపి చూశారు, వదులుగా ఉన్నవాటికి ఎర్రగుడ్డ కట్టారు. లూసియెన్ రాలేదు. సాయంత్రం నొయెమీ తలుపు తట్టి బిస్కట్ల డబ్బా చేతిలో పెట్టాడు.

"మీ దగ్గరే ఉండనివ్వండి," అంది నొయెమీ.

"వద్దులే. కాపలా కాయడం నాకంటే నీకే బాగా వచ్చు."

మర్నాడు ఆమె పనికి బయల్దేరుతుంటే యూగెట్ బాల్కనీ మీంచి వంగింది.

"డబ్బా నీ దగ్గరుందటగా?"

"ఉంది."

"అందరివీనా? నాదీనా?"

"మీదీ ఉంది."

యూగెట్ బట్టల క్లిప్పులు ఏరుకుంటూ, నొయెమీ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం తిరిగొచ్చేసరికి యూగెట్ సైకిల్‌కి రెండు తాళాలున్నాయి.