మూడో బేసు దగ్గర దాచిన బంతి

నేను ఒక బేస్‌బాల్ గ్లౌజుని. ఎడమ చేతిదాన్ని. కుడి చేతిది ఏదీ అని అడక్కండి, మా జాతిలో జతలుండవు. క్రికెట్‌లో బంతి పట్టేవాళ్ళలో వికెట్ కీపరుకు తప్ప ఎవరికీ తొడుగుండదు గానీ, మా ఆటలో మైదానంలో నిలబడ్డ ప్రతివాడికీ నాలాంటిది ఒకటి ఉంటుంది. అందుకే మాకు కాస్త పొగరు.

నేను పుట్టింది వెనిజులాలో, వలెన్సియా అనే ఊళ్ళో ఒక ఇరుకు కార్ఖానాలో. నా ఒళ్ళు ఎద్దుతోలు. దాన్ని తోలుతాళ్ళతో అల్లింది మెర్సెడెస్ అనే పెద్దావిడ. ఆవిడ రేడియోలో ఆట వింటూ అల్లేది. నా వంతు వచ్చేసరికి ఎవరో భారీ షాటు కొట్టారు కాబోలు, ఆవిడ చప్పట్లు కొట్టి మళ్ళీ తాడు అందుకునేటప్పుడు ఒక కన్నం వదిలేసింది. దానివల్ల నా అరచెయ్యి మిగతావాటికన్నా లోతైంది. బంతి అందులో పడితే బయటికి కనిపించదు. లోపమంటే లోపం, వరమంటే వరం.

నన్ను కొన్నవాడు అర్గెనిస్ ఉర్దనెతా. మరకైబో సరస్సు ఒడ్డున కబీమస్ అనే చమురు ఊరు వాళ్ళది. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్ళు. నాకు నూనె పట్టించి, లోపల బంతి పెట్టి, తాడుతో కట్టేసి, పరుపు కింద పెట్టుకుని పదిరోజులు నామీద పడుకున్నాడు. మాట విననిదాన్ని మెత్తబరచడానికి మనుషులకు తోచే ఉపాయం అది. ఏమాటకామాటే, పనిచేసింది. పదకొండో రోజుకు అతని చెయ్యి ఎక్కడిదాకానో, నేను ఎక్కణ్ణుంచో నాకే తెలియలేదు. ఆనాటి నుంచి అతను నాకు మావాడు.

మావాడు గొప్ప ఆటగాడేం కాదు. ఈ మాట నేనంటే తప్పులేదు. మా మైదానంలో పరుగెత్తేవాడు వరసగా తాకాల్సిన మజిలీలు నాలుగు, వాటిని బేసులంటారు; కాలు ఆనించి ఉన్నంతసేపు వాడు భద్రం. రెండో బేసు, మూడో బేసు, వాటి మధ్య చోటు, ఎవరికి కాలు బెణికితే వాళ్ళ చోట ఆడేవాడు. కూరలో కరివేపాకు బతుకు. పదిహేడేళ్ళలో పదకొండు జట్లు. అమెరికాలో పేరున్న లీగులో ఆడింది నలభై ఒక్క మ్యాచులే. ఎవరైనా అడిగితే మాత్రం "ఓ యాభై దాకా" అంటాడు. మెక్సికోలో ఒక ఏడాది, ఇటలీలో ఒక వేసవి. ఎక్కడికెళ్ళినా సంచిలో బట్టలకన్నా ముందు నన్ను సర్దేవాడు. నాకదే చాలనిపించేది.

ఎన్ని ఊళ్ళు తిరిగినా చలికాలానికి కబీమస్ వచ్చి సొంత ఊరి జట్టుకు ఆడేవాడు. ఆ జట్టు పేరు కొంగలు. అందులో బంతి విసిరేవాడు, అంటే పిచర్, ఎవేలియో కామకారో. కరోరా ఊరి మనిషి, మావాడికన్నా నాలుగేళ్ళు పెద్ద. మావాడి కూతురికి బాప్తిస్మమప్పుడు పెద్దగా నిలబడ్డ జ్ఞానతండ్రి కూడా. అక్కడ అలాంటి ఇద్దరూ ఒకరినొకరు "కొంపాద్రే" అని పిలుచుకుంటారు. వియ్యంకుడి మర్యాద, తోబుట్టువు చనువు కలిసిన పిలుపు అది.

వీళ్ళిద్దరికీ ఒక దొంగ విద్య ఉండేది. అవతలి జట్టువాడు పరుగెత్తి బేసు మీదికి చేరతాడు. బంతి మావాడి దగ్గరికొస్తుంది. దాన్ని పిచర్‌కు ఇవ్వకుండా నా లోతులో దాచి, ఏమీ ఎరగనట్టు నిలబడతాడు. అచ్చం కొంగజపం. బంతి పిచర్ దగ్గరే ఉందనుకుని ఆ పరుగువాడు బేసు వదిలి రెండడుగులు ముందుకేస్తే, నన్ను వాడి ఒంటికి తాకిస్తాడు. వాడు అవుట్. ఇందులో ఒకే చిక్కుంది. పిచర్ నిలబడే మట్టిదిబ్బ మీద ఒక తెల్లటి పలక ఉంటుంది. చేతిలో బంతి లేకుండా పిచర్ దానిమీద కాలు పెట్టకూడదు. పెడితే పరుగువాడికి ఒక బేసు ఊరికే ఇచ్చేస్తారు. అందుకని మావాడు బంతి దాచగానే కుడి చెవి తాకాలి. అది చూసి ఎవేలియో పలకకు దూరంగా బూటు లేసు కట్టుకుంటూ కాలక్షేపం చెయ్యాలి. నాలుగేళ్ళలో తొమ్మిదిసార్లు చేశారు, తొమ్మిదిసార్లూ పారింది.

పదోసారి ఛాంపియన్‌షిప్ ఆఖరి ఆటలో. ఆట చివరికొచ్చింది, స్కోరు మూడు మూడు. అవతలివాడు బంతిని గోడదాకా కొట్టి మూడో బేసు చేరాడు. వాడు ఇంకొక్క బేసు దాటితే వాళ్ళదే కప్పు. బంతి తిరిగొచ్చి నాలో పడింది. పరుగువాడు లాగు దులుపుకుంటూ జనానికి చేతులూపుతున్నాడు. వాడి సంబరం చూసి మావాడికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. వాణ్ణి పట్టేసినట్టే, కప్పు నిలబెట్టినట్టే అనుకున్నాడు. ఆ ధ్యాసలో చెవి తాకడం మరిచాడు.

నాకు తెలుసు. కుడి చెయ్యి నా మీదే ఉంది, పైకి లేవనే లేదు. అరుద్దామంటే తోలుముక్కకు నోరెక్కడిది? ఎవేలియో అలసిపోయి దిబ్బ ఎక్కి, పలక మీద కాలు పెట్టి, బంతి ఇటు వెయ్యమన్నట్టు చెయ్యి చాపాడు. అంపైరు రెండు చేతులూ ఎత్తేశాడు. పరుగువాడు పరుగెత్తలేదు కూడా, నడుచుకుంటూ వెళ్ళి గెలిచేశాడు.

బట్టలు మార్చుకునే గదిలో కోచ్ నిప్పులు కక్కుతూ వచ్చాడు. "సైగ చేశావా, లేదా?"

"చేశాను సార్. చెవి తాకాను. ఆయనే చూళ్ళేదు," అన్నాడు మావాడు.

ఎవేలియో బూట్లు విప్పుకుంటున్నాడు. ఒక్కసారి తలెత్తి మావాడి వంక చూశాడు. "అవునండి, నేనే చూళ్ళేదు," అని మళ్ళీ లేసు పట్టుకున్నాడు.

మరుసటి ఏడాది మావాడికి కొంగల జట్టు నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. ఎవేలియోకు రాలేదు. అతను కరోరా వెళ్ళి మేకలు పెంచుకున్నాడు.

తర్వాత మావాడికి మంచి రోజులొచ్చాయి. రెండేళ్ళకు ఆట మానేసి కోచ్ అయ్యాడు. ఆటగాడిగా తడబడినవాడు పాఠం చెప్పడంలో దిట్ట అయ్యాడు. తడబాటు ఎక్కడ పుడుతుందో వాడికే కదా తెలుసు! మైదానంలో నా తోలు ఎండకు కాగుతుంటే పిల్లలకు నేల మీద దొర్లివచ్చే బంతి పట్టడం నేర్పేవాడు. అవి నాకు చాలా ఇష్టమైన ఏళ్ళు. అన్నీ నేర్పాడు గానీ ఆ దొంగ విద్య మాత్రం ఎవరడిగినా "అది పాతబడిపోయిందిలే" అనేవాడు. ఆ తర్వాత టై కట్టించి జట్టు ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. పదకొండు జట్లు వదిలించుకున్న మనిషికే ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చే పని ఇచ్చారు. మనుషుల ఏర్పాట్లు ఇలాగే ఉంటాయి. పంపించేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తనే చెప్పేవాడు. "ఇందులో నీ తప్పేం లేదు" అన్నప్పుడల్లా అలమారలో ఉన్న నావైపు చూసి చూపు తిప్పుకునేవాడు.

ఏటా క్రిస్మస్‌కి కరోరాకు ఫోన్ చేసేవాడు. మేకలు ఎన్ని ఈనాయి, వాన పడిందా, మోకాలు ఎలా ఉంది. ఇవే కబుర్లు. అసలు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. ఇరవై ఒక్క క్రిస్మస్‌లు అలాగే గడిచాయి.

ఆ తర్వాత స్టేడియంలో చిన్న మ్యూజియం పెడదామని జట్టువాళ్ళు అనుకున్నారు. అద్దాల పెట్టెలో నాకూ చోటిచ్చారు. ఆఫీసులో పనిచేసే నోరెలిస్ నా పక్కన పెట్టే అట్ట రాసి మావాడికి చదివి వినిపించింది. "దాచిన బంతి ఆటలో ఆరితేరిన ఉర్దనెతా గ్లౌజు ఇది. ఆఖరి ఆటలో పిచర్ కామకారో సైగ చూడకపోవడం వల్ల కప్పు చేజారింది. బాగుందా సార్?"

మావాడు అట్ట అందుకుని తనూ ఒకసారి చదువుకున్నాడు. నోటిమాటైతే గాలికి పోతుందనుకున్నాడేమో ఇన్నాళ్ళూ. ఇప్పుడది అద్దం వెనక ఎక్కి కూర్చోబోతోంది. వచ్చే పోయే పిల్లలందరూ చదువుతారు. "అప్పుడే పెట్టకమ్మా" అని నన్ను చంకన పెట్టుకుని కారెక్కాడు. కరోరాదాకా రేడియో కూడా పెట్టలేదు. నన్ను పక్క సీట్లో పెట్టుకున్నాడు.

ఎవేలియో మేకల దొడ్డి దగ్గర నీళ్ళు పోస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. మావాడు పలకరింపు కూడా లేకుండా, "కొంపాద్రే, ఆ రోజు నేను చెవి తాకలేదు," అన్నాడు.

"తెలుసు."

"తెలుసా?"

"నీ చెయ్యి గ్లౌజు మీదే ఉందిగా. నా కళ్ళకేం రోగం?"

"మరి అందరి ముందూ ఎందుకలా ఒప్పుకున్నావు?"

ఎవేలియో బకెట్టు కింద పెట్టాడు. "అప్పటికి నీకు బయట ఏ జట్టూ లేదు. ఇంట్లో పసిది. నాకు భుజం పోయింది, అదే నా ఆఖరి ఏడాదని నాకు తెలుసు. ఊళ్ళో మేకలున్నాయి. పోనీలే అనుకున్నా." అడ్డొచ్చిన మేకను పక్కకు నెట్టాడు. "దానికి కోపం లేదురా. కానీ ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ మోగితే, ఈసారి చెప్తాడు అనుకునేవాణ్ణి. నువ్వు మేకల గురించి అడిగేవాడివి. నా మేకలంటే నీకంత ప్రేమేమిట్రా?"

మావాడు ఏడ్చాడు. సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. నాక్కూడా ఏడుపొచ్చింది గానీ మాకు తడి మంచిది కాదు. ఎవేలియో వీపు తట్టి, "సరే చెప్పావుగా. లోపలికి రా, మేకమాంసం ఉడుకుతోంది," అన్నాడు.

మ్యూజియం తెరిచిన రోజు కొత్త అట్ట పెట్టారు. అందులో మావాడు చెప్పి రాయించింది రెండే మాటలు. "సైగ మరిచినవాడు అర్గెనిస్ ఉర్దనెతా. నింద మోసినవాడు ఎవేలియో కామకారో." జట్టు యజమానికి ఇది అంత రుచించలేదు. అయినా మావాడు పట్టు విడవలేదు.

ఆ వేడుకకు ఎవేలియో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అద్దాల పెట్టె ముందు నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, అట్ట రెండుసార్లు చదివాడు. నోరెలిస్‌ను పిలిచి తలుపు తీయించి, పెన్ను అడిగి తీసుకున్నాడు. అట్ట అడుగున వంకర టింకర అక్షరాలతో ఏదో రాసి పెన్ను తిరిగిచ్చేశాడు. వేరే అట్ట రాసి తెస్తానని నోరెలిస్ అంటే ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. ఇప్పుడిక్కడికి వచ్చినవాళ్ళు నాకన్నా ముందు ఎవేలియో చేతిరాతే చదువుతున్నారు.

"బంతి లేకుండా పలక మీద కాలు పెట్టింది మాత్రం నేనే."