అత్తగారికి తెలుగు వచ్చింది

మా అత్తగారు నా వంటింట్లో బల్ల ముందు కూర్చుని కత్తెరతో సేమియా కత్తిరిస్తోంది, ఆమె పోయి ఏడాది కావస్తోందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు, అయినా ఆ సంగతి ఇద్దరం ఎత్తడం లేదు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల గౌను మీద ఉంది, నెత్తిన తెల్ల టోపీ కూడా తియ్యలేదు. పెసలతో చేసే గాజులాంటి ఆ సేమియా పెద్ద పళ్ళెంలో వేడినీళ్ళలో నాని మెత్తబడింది, ఆమె పిడికెడు పైకెత్తి కత్తిరిస్తుంటే ముక్కలు పళ్ళెంలో పడకుండా నేలమీదికి జారి తలుపు సందులోంచి ఎటో పోతున్నాయి. ఇల్లు ఆక్లండ్‌లోని మాదే, కానీ కిటికీ అవతల మా ఊరు తుని స్టేషను ప్లాట్‌ఫారం ఉంది, దానిమీద ఆమె చర్చి పెద్దావిడలు బెంచీల్లో వరసగా కూర్చుని విసనకర్రలు ఊపుకుంటూ మమ్మల్నే చూస్తున్నారు.

"ఏటే, నా వంట గిన్నె ఎవులిచ్చారు నీకు?" అంటుంది.

నేను ఉన్నచోటే ఆగిపోతాను. సమోవాలో పుట్టి ఆక్లండ్‌లో ముసలిదైన ఈ సలఫాయికి, నేను ఆమె కొడుకు ఫెటుని చేసుకుని ఆ ఇంట్లో ఉన్న పదకొండేళ్ళలో నా భాష ఒక్క ముక్క రాలేదు, నేర్చుకుందామనీ అనుకోలేదు. ఇప్పుడు మా తుని బజారులో చేపలమ్మే ఆడవాళ్ళ యాసలో, పుట్టినప్పటినుంచీ అదే మాట్లాడుతున్నట్టు, తడుముకోకుండా అడుగుతోంది.

"ఎవరూ ఇవ్వలేదు. మీ సమాధి రాయి మీద గుడ్డ తీసేది రేపే. అరవైమంది వస్తారు. కోడలే ఈ సేమియాతో సపసుయి వండాలని మీ పెద్దావిడలే తేల్చారు," అంటాను, బెంచీలవైపు చెయ్యి చూపిస్తూ.

"నీకు సపసుయి వచ్చేటి?"

"ఎలా వస్తుంది? ఒక్కసారైనా చూడనిచ్చారా?"

అది నిజం. ప్రతి ఆదివారం చర్చినుంచి రాగానే ఆమె పొయ్యి దగ్గర నాకు వీపు పెట్టి నిలబడేది, అల్లం వెల్లుల్లి వేగుతున్న వాసన నా దాకా వచ్చేది గానీ ఆ వీపు దాటి నా చూపు పోయేది కాదు. సోయా సాస్ సీసా ఎత్తే సమయానికి "ఉల్లిపాయలు తే" అని పెరట్లోకి తరిమేది, తెచ్చేసరికి సేమియా రసమంతా పీల్చుకుని నల్లగా నిగనిగలాడుతూ ఉండేది, ఇక నాకు మిగిలేది గిన్నె తోమడమే. ఇవన్నీ నేను ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె వినడం లేదు, కత్తెర ఆడిస్తూనే ఉంది, మా మధ్య బల్ల పొడుగు సాగిపోయి ఆమె దూరంగా కనబడుతోంది, గొంతు మాత్రం నా చెవి పక్కనే ఉంది.

"మొదటి ఆదివారం నువ్వు సేసిందేటో సెప్పు ముందు."

నేను నేలమీది సేమియా ముక్కలు ఏరుతుంటాను.

"పాస్టరు గారు కూకున్నారు. మా అన్నదమ్ములు కూకున్నారు. నాను గిన్నె మూత తీసినానో నేదో, నువ్వు ముక్కుకి గుడ్డ అడ్డమెట్టుకుని లేసిపోయినావు. మెట్లమీద కూకుని అరటిపండు తిన్నావు. అందరూ సూసినారు."

"అందులో గొడ్డుమాంసం వేశారు. నేను తిననని ఫెటు మీకు ముందే చెప్పాడు."

"తినొద్దు. ఎవులు తినమన్నారు? కూకోడానికేటి రోగం?"

నేను గొంతు పెంచుతాను. "మరి మీరో? నా పేరు హేమలత. ఒక్కనాడు పిలిచారా? చుట్టాలముందు, పక్కింటివాళ్ళముందు, ఫోన్లో, ఎక్కడైనా నేను ఇనిటియానే. ఇండియా మనిషి. దేశం పేరు పెట్టి పిలుస్తారా ఇంటి కోడల్ని?"

"అలా లేసిపోయినదానికి పేరెందుకు?" అంటుంది.

నేను బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరకి వెళ్దామని నడుస్తాను, నడిచినకొద్దీ వంటింటి గోడలు తెల్లబడి, మందుల వాసన కమ్మి, పొయ్యి ఉన్నచోట మంచం వచ్చేసింది, ఆమె ఇప్పుడు ఆ మంచం మీద కూర్చుని ఉంది, టోపీ అలాగే ఉంది, చేతికి సూది గుచ్చి ఉంది. ఇది ఆసుపత్రి గది. ఇక్కడికి రాకూడదని నేను వెనక్కి తిరుగుతాను, తలుపు ఉండాల్సినచోట సేమియా తెరలాగా వేలాడుతోంది, చేత్తో తప్పించినకొద్దీ ఇంకా ఉంది.

"ఎక్కడికి పోతావు? ఇక్కడిదాకా వచ్చినాక మిగతాది కూడా మాటాడు. డబ్బా మాంసం తిన్నానని నర్సుకి ఎవులు సెప్పినారు?"

"నేనే చెప్పాను. మీ కిడ్నీలు పాడయ్యాయి. ఉప్పు విషమని డాక్టరు చెప్పాడు. పరుపు కింద డబ్బాలు దాచుకుని తింటుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"పోలీసులాగ పట్టించినావు."

"బతకాలని పట్టించాను."

"బతకాలనా?" ఆమె నవ్వుతుంది, ఆ నవ్వు ఆమె బతికుండగా నేను ఆమె మొహంలో చూసిందే, నాకోసమే విడిగా దాచుకున్నది. "మరి గిన్నెలో సేమియా తెచ్చినావే తెల్లగా, పాలిపోయి, ఉప్పు నేకుండా, సాసు నేకుండా, అది నన్ను బతికించడానికేనా? ఇనిటియా కూడు అని ఉమ్మేసినాను. అప్పుడు నువ్వేటన్నావు?"

ప్లాట్‌ఫారం మీద విసనకర్రలు ఒక్కసారిగా ఆగిపోతాయి.

"గుర్తులేదు," అంటాను.

"నాకుంది. అప్పుడు అర్థం కానేదు. ఇప్పుడు నాకు తెలుగొచ్చు."

నా కాళ్ళకింద నేల మెత్తగా, తడిగా కదులుతోంది. ఆ రోజు ఆ గదిలో చర్చినుంచి చూడవచ్చినవాళ్ళు ముగ్గురున్నారు, ఫెటు కిటికీ దగ్గర ఉన్నాడు. ఆమె ఉమ్మింది నా చేతిమీద పడింది. నేను కోపం చూపించలేదు, చేతిరుమాలుతో ముందు ఆమె గడ్డం తుడిచాను, నవ్వుతూ, చంటిపిల్లకి చెప్పినంత మెత్తగా చెప్పాను.

"తింటే తిను, లేకపోతే చావు."

ఆ మాట ఇప్పుడు ఆమె అంటోంది, సరిగ్గా నేనన్నట్టే, అంత మెత్తగా. వచ్చినవాళ్ళు నా ఓపికని మెచ్చుకున్నారు. ఏమన్నావని ఫెటు అడిగితే, దయచేసి ఇంకొక్క ముద్ద తినమన్నానని చెప్పాను. రెండో రోజు తెల్లారేసరికి ఆమె లేదు.

"మీరు నామీద ఉమ్మారు," అంటాను, నా గొంతు పిచ్చిదానిలా లేస్తోంది. "పదకొండేళ్ళు గిన్నెలు తోమించి, చివరికి ఉమ్మారు. నోరు జారింది. మీరు చావాలని కాదు."

"జారనేదు. తుడిసి, నవ్వి, అన్నావు."

"అయితే ఏం చెయ్యమంటారు? కాళ్ళు పట్టుకోమంటారా?"

"నీ సెయ్యి నా కాళ్ళమీద పడితే ఊరుకుంటానేటి? నీ చమాపణ నాకొద్దు." ఆమె మంచం దిగుతుంది, చేతికున్న సూది ఊడి ఎటో పోతుంది, నా ఎదురుగా నిలబడితే నాకంటే జానెడు ఎత్తు ఉంది, ఎప్పుడూ అంతే. "నా కొడుకు నన్ను పూడ్సిన రోజున చర్చి నిండా జనం ముందు ఏటి సెప్పినాడు? నా పెళ్ళాం మా అమ్మని తన భాషలో బతిమాలింది, తినమని బతిమాలింది అన్నాడు. ఏడిసినాడు. అందరూ ఏడిసినారు. నువ్వు తల వంచుకుని కూకున్నావు. రేపు నా రాయి ముందు మళ్ళీ అదే సెప్తాడు. నన్ను సంపిన మాటనే బతిమాలిందని సదివించుకుని నాను పడుకోవాలా?"

"ఆ మాట చెబితే ఫెటు నా మొహం చూడడు."

"సూడకపోనీ."

"మీరు కోరుకుంది అదే. మొదటినుంచీ అదే కోరుకున్నారు."

"అవును," అంటుంది, దాపరికం లేకుండా. "అయినా సెప్పాల."

"చెప్పను."

ఆమె నా మణికట్టు పట్టుకుంటుంది, గిన్నె ఎక్కడినుంచో మళ్ళీ వచ్చింది, మేమిద్దరం దాని చెరో చెవీ పట్టుకుని లాగుతున్నాం, సోయా సాస్ నల్లగా పొంగి నా మోచేతుల దాకా వస్తోంది. నేను ఆ మాటే మళ్ళీ అరుస్తున్నాను, ఈసారి మెత్తగా కాదు, నవ్వుతూ కాదు, ఊరంతా వినేలా, తింటే తిను లేకపోతే చావు, తింటే తిను లేకపోతే చావు, ఆమె ఎప్పుడో చచ్చిపోయిందని తెలిసీ అరుస్తున్నాను.

"హేమా! హేమా!"

ఫెటు నా భుజం కుదుపుతున్నాడు. శనివారం మధ్యాహ్నం, నేను సోఫా మీద ఉన్నాను, గొంతు పచ్చిగా మండుతోంది. బయట రేపటికి అద్దెకి తెచ్చిన కుర్చీలు దించుతున్న చప్పుడు.

"అమ్మ కలలోకి వచ్చిందా?" అన్నాడు. నేను తలూపాను. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. చేతిలో రేపు చదవబోయే కాగితం ఉంది.

"ఆసుపత్రిలో అన్నావే, ఆ మాటే అంటున్నావు. నేను గుర్తుపట్టాను. మర్చిపోతానేమోనని రాసుకున్నాను, చూడు." కాగితం అడుగున, ఇంగ్లీషు అక్షరాల్లో, విన్నది విన్నట్టు రాశాడు. వేలు పెట్టి మెల్లగా చదివాడు. "తింతె తిను, లేకపోతె చావు. సరిగ్గా పలికానా? రేపు దీన్ని నీ భాషలోనే చదువుతాను. రాయి ముందు."

కలలో నా మణికట్టు వదలని చెయ్యి అక్కడ లేదు. ఎవరూ నన్ను బలవంతం చెయ్యడం లేదు.

"సరిగ్గానే పలికావు," అన్నాను. లేచి కూర్చుని పక్కన అతనికి చోటిచ్చాను. "కూర్చో ఫెటూ. దాని అర్థం నీకు తప్పు చెప్పాను."