మధ్యలో స్పాంజి

మా ఆయనా, బావగారూ మాట్లాడుకోవడం మానేసి ఏళ్ళయింది. అయినా మా షాపులో పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా వాళ్ళ గొంతులు వినిపిస్తూనే ఉండేవి. మాటలన్నీ కుక్కతోనే.

"ఒరేయ్ స్పాంజీ, ఆయన్ని ఆ చేతి పక్క పట్టీ ఇంకొంచెం బిగించమనరా. గుడ్డ లాగితే లోపలికి పోతోంది."

"స్పాంజీ, పట్టీ బాగానే ఉందని చెప్పు. లాగే చెయ్యే దున్నపోతు చెయ్యని కూడా చెప్పు."

స్పాంజి ఇద్దరి మధ్యా ఫోము ముక్కల గుట్ట మీద పడుకుని, ఎవరు పిలిస్తే వాళ్ళ వైపు తల తిప్పి తోకాడించేది. తిట్టులో తన పేరు వినబడ్డా దానికి సంతోషమే.

మాది పాత సోఫాలు బాగుచేసే షాపు. మొదటి అంతస్తులో ముందు హాలంతా పని, వెనక గదుల్లో కాపురం. చెక్క పని బావగారిది. పాత మేకులు పీకడం, విరిగిన కాళ్ళు అతకడం, స్ప్రింగులు బిగించడం అన్నీ ఆయనే. గుడ్డ కొలిచి, కత్తిరించి, ఫోము మీద లాగి పిన్నులు కొట్టేది మా ఆయన. దిండ్ల గలేబులు నేను కుడతాను. నా మిషను మెట్ల తలుపుకి దగ్గర్లోనే ఉంటుంది. బావగారు పెళ్ళి చేసుకోలేదు. స్పాంజి వచ్చాక ఆ ప్రస్తావన తెచ్చేవాళ్ళు కూడా మానేశారు.

గొడవ దేనికంటే చెప్పుకోవడానికే సిగ్గు. మేము బాగుచేసిన సోఫా మీద ఒక లాయరు గారు కూర్చోగానే స్ప్రింగు గుడ్డ చించుకుని పైకి వచ్చింది. గుచ్చుకోకూడని చోటే గుచ్చుకుంది. స్ప్రింగు సరిగ్గా కట్టలేదని మా ఆయన, గుడ్డ నాసిరకమని బావగారు. ఒకరు "నీతో మాట్లాడితే ఒట్టు" అంటే రెండోవారు "నేను ముందే పెట్టుకున్నా" అన్నారు. అంతే, ఆ మాట మీద నిలబడ్డారు. ఇంకే మాట మీదా వాళ్ళు అలా నిలబడగా నేను చూడలేదు.

మొదట్లో నన్ను వాడుకుందామని చూశారు. "వాడికి చెప్పమ్మాయ్" అని ఆయన, "ఆయనకి చెప్పవే" అని ఈయన. నాకు తిక్కరేగింది. "మీ మాటలు మొయ్యడానికి నేనేమైనా మీ పెంపుడు కుక్కనా" అన్నాను. ఆ మాట వాళ్ళకి బాగా నచ్చినట్టుంది, మర్నాటి నుంచీ కుక్కతోనే మొదలుపెట్టారు.

స్పాంజి మాకు ఒక పాత సోఫాలో వచ్చింది. అడుగు గుడ్డ కొయ్యగానే స్ప్రింగుల మధ్య ముడుచుకుని ఒక పిల్ల. సోఫా వాళ్ళని అడిగితే మాకు తెలీదన్నారు. బావగారు దాన్ని చొక్కా లోపల పెట్టుకుని ఆ రోజంతా మేకులు పీకారు. పెరుగుతూ అది మా ఆయన సుద్దలు తింది, నా కొలత టేపు తింది, అందరి చెప్పుల్లోనూ ఎడమవే ఏరుకుని తింది. సోఫా తయారయ్యాక ముందు అదే ఎక్కాలి. గుండ్రంగా తిరిగి, నిట్టూర్చి పడుకుందా, పని బాగున్నట్టు. ఎక్కి వెంటనే దిగిపోయిందా, బావగారు నోరెత్తకుండా గుడ్డ ఊడదీసి లోపల వెతికేవారు, ఎక్కడో ఒక మేకు పైకి లేచి ఉండేది. అప్పుడు ముగ్గురమూ నవ్వేవాళ్ళం. అన్నదమ్ములు కూడా దాన్ని చూస్తూ నవ్వేవారు, ఒకరి నవ్వు ఒకరికి కనబడకుండా.

కిందటేడు అది నీళ్ళు తెగ తాగడం మొదలుపెట్టింది. గిన్నె ఖాళీ చేసి బాత్‌రూంలో బకెట్టు దగ్గరకి పరిగెత్తేది. తిండికి లోటు లేదు, అయినా వెన్నుపూసలు లెక్కపెట్టేలా తేలాయి. ఒకసారి కొత్తగా గుడ్డ వేసిన సోఫా మీదే పోసేసింది. తర్వాత మమ్మల్ని చూడలేక మూలకి పోయి గోడకి మొహం పెట్టుకుంది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీసి చూసి, షుగరు అంది. రెండు పూటలా తిండి తిన్నాక ఇంజెక్షన్ వెయ్యాలి.

"ఏ పూటది ఎవరో గట్టిగా అనుకోండి. ఇద్దరూ వేలు పెట్టకండి" అని మరీ మరీ చెప్పింది. "మందు తక్కువైతే సర్దుకోవచ్చు. ఎక్కువైతే ప్రాణం మీదకి వస్తుంది. వేళ బాగా దాటితే ఆ పూటకి మానెయ్యండి. వణికినా తూలినా చక్కెర నీళ్ళు చిగుళ్ళకి రాసి, పరిగెత్తుకు రండి."

తిరిగొస్తుంటే దారిలోనే పంపకం అయిపోయింది, స్పాంజి ద్వారానే. పొద్దున పూట బావగారిది, సాయంత్రం మా ఆయనది. మెడ పట్టుకోవడం రెండు పూటలా నాది. ఆస్తులు కూడా ఇంత తేలిగ్గా పంచుకున్నవాళ్ళు ఉండరు.

ఇంజెక్షన్ అవగానే ఉడికించిన గుడ్డు తెల్లసొన ముక్క ఒకటి పెట్టేవాళ్ళం. దాంతో స్పాంజికి సూదంటే పండగైపోయింది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, గోళ్ళు నేల మీద టకటకలాడిస్తూ వచ్చి, తనే వెనక్కి తిరిగి నిలబడి, మెడ నా చేతికి ఇచ్చేది. సూది గుచ్చుతుంటే కూడా కళ్ళు గుడ్డు మీదే.

కొన్నాళ్ళకి మళ్ళీ ఒళ్ళు చేసింది. కాకపోతే మా ఆయన దొంగచాటుగా దానికి బిస్కెట్లు పెట్టేవాడు. అన్నగారి కంటే తన మీద ప్రేమ ఎక్కువ ఉండాలని అదో కక్కుర్తి. బావగారికి ఫోము గుట్టలో పొడి దొరికింది. "స్పాంజీ, నీకు విషం పెడుతున్నది ఎవరో నాకు తెలుసురా" అన్నారు గట్టిగా. మా ఆయన గుడ్డ కత్తిరిస్తూ ఈల వేశాడు.

ఆ రోజు ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌కి సోఫా వెళ్ళాలి. వ్యాను వస్తుందనగా ఒక కాలు బీట తీసి ఉండడం బావగారి కంట పడింది. కొత్త కాలు కోసం ఆయన పొద్దున్నే కలప డిపోకి వెళ్ళారు. నేను జిప్పులు కొనడానికి వెళ్ళాను. నేను తిరిగొచ్చేసరికి స్పాంజి తినేసి, జిగురు డబ్బాలో కాలు పెట్టి, ఆ కాలితో ఇల్లంతా తిరిగేసింది. తిట్టుకుంటూ దాన్ని స్నానానికి లాక్కుపోయాను. మా ఆయన నాతో ఏమీ అనలేదు, అప్పటికే వ్యాను వాడు ఫోన్ చేసి విసిగిస్తున్నాడు. ఈలోగా బావగారు వచ్చి సోఫాకి కొత్త కాలు బిగించారు.

స్పాంజిని తువ్వాలులో చుట్టి, లోపల గదిలో పెట్టి, మెట్ల తలుపు పట్టుకోవడానికి వచ్చాను. అన్నదమ్ములు సోఫా ఎత్తారు. మామూలుగా అయితే స్పాంజి ముందు నడిచేది, "వాణ్ణి ఎడమకి తిరగమనరా", "ఆయన్ని పైకెత్తమనరా" అంటూ సోఫా కిందికి దిగేది. ఆ రోజు కుక్క లేదు కాబట్టి మాటా లేదు. గడ్డాలతో సైగలు, చెక్క మీద వేళ్ళతో తట్టడాలు. మలుపు దగ్గర మా ఆయన నోరు తెరిచాడు. నా కళ్ళతో చూశాను. అన్నగారి మొహం ఎదురుగానే ఉంది, మధ్యలో సోఫా వెడల్పు అంత దూరం. కిందికి, కాళ్ళ దగ్గరకి చూశాడు. నోరు మూసేసుకుని సోఫా దించాడు. వ్యానెక్కి వెళ్ళిపోయాడు.

బావగారు పైకి వచ్చి చేతులు కడుక్కుని ఫ్రిజ్ తలుపు తీశారు.

"కొంచెం ఆలస్యమైంది గాని, వేళ మరీ దాటలేదులే అమ్మాయ్" అన్నారు.

స్పాంజి తడి ఒంటితో, తువ్వాలు ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది. అంత హుషారుగా ఎప్పుడూ రాలేదు. ఒకే పొద్దున రెండు గుడ్డు ముక్కలు దాని జన్మలో దొరకలేదు కదా. వెనక్కి తిరిగి నిలబడి మెడ నా చేతికి ఇచ్చింది. పట్టుకున్నాను. బావగారు ముద్దుగా "అయిపోయింది, అయిపోయింది" అంటూ సూది గుచ్చారు.

భోజనాల వేళకి అది నా మిషను దగ్గరకి వస్తూ అక్కడున్న ఇంకో సోఫా కాలికి గుద్దుకుని పడింది. లేచి మళ్ళీ అదే కాలికి గుద్దుకుంది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి.

"బావగారూ, ఇది తూలుతోంది. చక్కెర నీళ్ళు పెడదాం" అన్నాను.

"వద్దు." ఆయన దాని నోరు వాసన చూశారు. "నేను వేసింది కొలత ప్రకారమే. షుగరు తక్కువయ్యే సమస్యే లేదు. వాడు మళ్ళీ బిస్కెట్లు పెట్టుంటాడు, షుగరు నెత్తికెక్కింది. ఇప్పుడు చక్కెర కూడా పోస్తే చచ్చిపోతుంది."

"డాక్టరమ్మ వణికితే పెట్టమంది కదండీ."

"నాకు తెలుసమ్మాయ్. నువ్వు వాణ్ణి అడుగు, ఎన్ని పెట్టాడో."

నేను మా ఆయనకి ఫోన్ చేసే లోపు స్పాంజి పక్కకి పడిపోయింది. కాళ్ళు గాలిలో పరిగెడుతున్నాయి. నోట్లోంచి నురగ. బావగారు దాని తల ఒళ్ళో పెట్టుకుని "బిస్కెట్లు ఎన్నని అడుగు, ఎన్నని అడుగు" అంటున్నారు. ఫోను స్పీకరులో పెట్టి, నేల మీద వాళ్ళిద్దరి పక్కనే పెట్టాను.

"బిస్కెట్లేం పెట్టలేదే" అన్నాడు మా ఆయన. తర్వాత కాసేపు వ్యాను చప్పుడు వినిపించింది. తర్వాత అతని గొంతు మారింది. "ఒరేయ్ స్పాంజీ… ఆయనకి చెప్పరా. పొద్దున నువ్వు తిన్నాక నేను ఇంజెక్షన్ వేశానని చెప్పరా."

స్పాంజి చెప్పే స్థితిలో లేదు.

బావగారు దాని తల వదిలి వంటింట్లోకి పరిగెత్తారు. చక్కెర నేలపాలవుతుంటే పిడికిలితో తెచ్చి, నీళ్ళలో కలపకుండానే దాని చిగుళ్ళకి రుద్దారు. పళ్ళు బిగుసుకుపోయి వేలు లోపలికి పోలేదు. ఆయన వేలికి రక్తం వచ్చింది. నేను అప్పుడు ఏడుస్తున్నాను, ఆయన మీద కోపంతో ఏడుస్తున్నాను.

మేము ఆసుపత్రికి చేరేసరికి మా ఆయన వ్యానులోంచి దూకి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ బల్ల మీద దాని కాలికి సూది ఎక్కిస్తూ, "మందు ఎవరు వేశారు? ఎన్నిసార్లు?" అంది.

"స్పాంజీ, నా పూట నేను వేశానని చెప్పు" అన్నారు బావగారు.

"స్పాంజీ, ఆయన వచ్చేలోపు వేళ దాటిపోతుందని నేను వేశాను. ఆలస్యంగా వస్తే ఆయన మానేస్తాడనుకున్నాను, డాక్టరమ్మ చెప్పింది కదా" అన్నాడు మా ఆయన.

డాక్టరమ్మ ఇద్దరి వైపూ పిచ్చివాళ్ళని చూసినట్టు చూసింది. "కుక్కతో కాదు, నాతో చెప్పండి" అంది. కాసేపటికి చెవులకి పెట్టుకున్న గొట్టం తీసి మెడలో వేసుకుంది. ఇంక ఎవరితో చెప్పినా ఒకటే.

ఇంటికి ఎలా వచ్చామో చెప్పను. దాని తువ్వాలు ఇంకా తడిగానే ఉంది. ఫోము గుట్ట మీద గుంట అలాగే ఉంది. బావగారు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మా ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులో బిస్కెట్టు మెత్తగా తగిలింది. నేను బట్టలన్నీ అలాగే వదిలేసి చాలాసేపు నేల మీద కూర్చున్నాను. నా చేతికి ఇంకా దాని మెడ తెలుస్తోంది. వెచ్చగా, నమ్మకంగా ఇచ్చిన మెడ.

షాపులో మాట పూర్తిగా ఆగిపోయింది. సుత్తి చప్పుడు, కత్తెర చప్పుడు, అంతే. ఒక సోఫా పట్టీ వదులుగా ఉందని తెలిసి కూడా మా ఆయన అలాగే గుడ్డ వేసేశాడు. చెప్పాలంటే ఎవరికి చెప్పాలి?

ఆ సోఫానే కిందికి దింపాల్సి వచ్చింది. ముగ్గురు కూర్చునేది, బరువైనది. బావగారు పైన, మా ఆయన కింద, నేను తలుపు దగ్గర. మలుపులో అది ఇరుక్కుంది. ఇటూ పోదు, అటూ రాదు. బావగారు అలవాటుగా కాళ్ళ దగ్గరకి చూశారు. అక్కడ మెట్టు తప్ప ఏమీ లేదు. తలెత్తి నన్ను చూశారు.

"అమ్మాయ్, వాణ్ణి కొంచెం ఎడమకి తిరగమని చెప్పు."

"ముందు ఆయన్ని పైకెత్తమనవే" అన్నాడు కింది నుంచి మా ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ తప్పించుకున్న ఉద్యోగం, కుక్క పోయి వారం తిరక్కుండానే నా మెడకి కట్టేస్తున్నారు. సరే, చేద్దాం అనుకున్నాను.

"ఏమండీ, మీ అన్నయ్య అంటున్నారు. ఆ పొద్దున ఇదే మలుపులో తెరిచిన నోటితో ఒక్క మాట అనుంటే స్పాంజి బతికేదట. మీరే చంపారట." తర్వాత పైకి తిరిగాను. "బావగారూ, మీ తమ్ముడు అంటున్నారు. చక్కెర నీళ్ళు పెడదామని నేను మొత్తుకుంటే పెట్టనివ్వంది మీరేనట. మీరే చంపారట."

"నేను అలా అనలేదు" అన్నారు ఇద్దరూ, ఒకేసారి, నాతోనే.

తలుపు వదిలేసి వచ్చి మిషను ముందు కూర్చున్నాను. ఆ సోఫా తిప్పాలన్నా, దింపాలన్నా ఇద్దరిలో ఒకరు రెండోవాడితో ఊ అనాలి. గలేబు ఒక వైపంతా కుట్టాను. రెండో వైపు మొదలుపెట్టాను. మెట్ల మీద నుంచి ఆయాసం వినిపిస్తోంది, చెక్క గోడకి రాసుకోవడం వినిపిస్తోంది. మాట మాత్రం రాలేదు.